అక్వేరియం అద్దం మీద గీత: పాలిష్ పట్టి పోగొట్టడం ఎలా

ఆదివారం పొద్దున్నే అక్వేరియం తుడుద్దామని మాగ్నెట్ క్లీనర్ (అద్దానికి లోపలొకటి, బయటొకటి అంటుకుని తుడిచే అయస్కాంతపు ముక్కల జత) తీస్తారు. అద్దం మీద పైకీ కిందికీ నాలుగుసార్లు జరుపుతారు. ఐదోసారి కిర్రుమని చప్పుడు. చెయ్యి ఆగేలోపే జానెడు గీత. అడుగున పరిచిన ఇసుకలోంచి ఒక్క రేణువు లేచి మాగ్నెట్‌కీ అద్దానికీ మధ్య ఇరుక్కుంటే చాలు, ఇంత పనీ చేస్తుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గాజు కన్నా గట్టిది. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద గాజు 5.5 దగ్గర ఉంటే క్వార్ట్జ్ 7.

నా మూడడుగుల ట్యాంకుకు ఇలాగే పడింది. అదీ ముందు అద్దానికి, సోఫాలో కూర్చుంటే సరిగ్గా కంటికి ఎదురుగా. మొదటిసారి పాలిష్ పట్టి గీతతో పాటు అద్దాన్నీ చెడగొట్టుకున్నాను. రెండో ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి పని తెలిసింది. ముందే ఒక మాట చెప్పేస్తాను: కనిపించిన ప్రతి గీతకూ పాలిష్ అక్కర్లేదు. డ్రిల్ మిషన్ తీసే ముందు ఒక పావుగంట ఆ గీతను చూడటానికే పెట్టండి.

అసలు అది గీతేనా?

బోరు నీళ్లు పోసే ఇళ్లలో అక్వేరియం నీటి మట్టం దగ్గర తెల్లటి చార కడుతుంది. నీళ్లు ఆవిరైపోతే మిగిలిన సున్నం అది. దూరం నుంచి చూస్తే అచ్చం గీతల్లాగే ఉంటుంది. దాన్ని వంటింటి పచ్చ స్క్రబ్బర్‌తో గీకి, లేని గీతల్ని తెచ్చిపెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. గుడ్డను వైట్ వెనిగర్‌లో ముంచి ఆ చార మీద పది నిమిషాలు అంటించి ఉంచండి. నిమ్మచెక్కతో రుద్దినా సరే. సున్నమైతే కరిగి వచ్చేస్తుంది. చేపలు లోపలే ఉంటే నీటి మట్టం కొంచెం తగ్గించి, వెనిగర్ లోపలికి కారకుండా తుడిచెయ్యండి. నీటి పీహెచ్ (ఆమ్లగుణం ఎంతుందో చెప్పే కొలత) ఒక్కసారిగా పడిపోతే చేపలు తట్టుకోలేవు.

ఇంకో సంగతి. గీత వేరు, పగులు వేరు. టార్చి లైటు పక్కనుంచి వేస్తే అద్దం మందంలోకి దిగిన మెరుపు గోడలా కనిపిస్తే అది పగులు. దానికి పాలిష్ లేదు. నీళ్లు తోడేసి అద్దం మార్పించడమే.

లోపలి వైపా, బయటి వైపా?

వేలు నీళ్లలో ముంచి, బయటి నుంచి గీత మీద రాయండి. తడి ఉన్నంతసేపు గీత మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే అది బయటి గీత. ఏమీ తేడా లేకపోతే లోపలిది.

ఈ చిన్న పరీక్షలోనే అసలు రహస్యం ఉంది. గీత కంటికి కనిపించేది దాని దగ్గర వెలుతురు వంకర తిరిగి చెదరడం వల్ల. వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే అంకె, అంటే వక్రీభవన గుణకం, గాజుకు సుమారు 1.52, గాలికి 1, నీటికి 1.33. గాజుకూ గాలికీ మధ్య తేడా ఎక్కువ కాబట్టి బయటి గీత తళుక్కున కనిపిస్తుంది. లోపలి గీతలో నీళ్లు నిండి ఉంటాయి, తేడా తగ్గిపోతుంది, గీత సగానికి సగం మరుగున పడుతుంది. ఖాళీ ట్యాంకు చూసి "అయ్యో, పాడైపోయింది" అనుకున్నవాళ్లు నీళ్లు నింపాక అదెక్కడుందో వెతుక్కుంటారు. సెకండ్ హ్యాండ్ ట్యాంకు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. లోపలి సన్నగీతలకు భయపడి మంచి బేరం వదులుకోవద్దు. బయటి గీతలకు మాత్రం గట్టిగా ధర తగ్గించమనండి.

అందుకే లోపలి సన్నగీతలకు నేను పాలిష్ జోలికే వెళ్లను. వాటిలో నాచు పట్టి పచ్చగా కనిపిస్తే పాత ఏటీఎం కార్డు అంచుతో గీకేస్తాను, సరిపోతుంది.

గోరు పరీక్ష

గీతకు అడ్డంగా గోరు ఆనించి మెల్లగా లాగండి. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతే సీరియం ఆక్సైడ్ (గాజుకు మెరుగుపెట్టే పొడి) పాలిష్‌తో ఆ గీత పోతుంది. గోరు టక్కున తగులుకుంటే గీత లోతుగా ఉన్నట్టే. వట్టి పాలిష్‌తో అది పోదు, ముందు వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితంతో) అరగదీయాలి. ఆ పని ఎంత కష్టమో తర్వాత చెప్తాను.

ఎందుకంటే పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు. పొలంలో ఒక గుంట ఉంటే దాన్ని పూడ్చకుండా, పొలం మొత్తాన్ని గుంట అడుగు దాకా చెక్కుతామనుకోండి. అచ్చంగా అదే ఇది. గీత ఎంత లోతుంటే చుట్టూ అంత గాజు తీసెయ్యాలి.

లోతు గీతలో అందం చెడటం ఒక్కటే కాదు, బలం కూడా తగ్గుతుంది. గాజు కోసేవాడు చేసేదేమిటి? కట్టర్‌తో పైపైన ఒక గీత గీసి, అటూఇటూ పట్టుకుని వంచుతాడు. ఆ గీత వెంబడే విరిగిపోతుంది. నీళ్లు నిండిన ట్యాంకులో అద్దం కొద్దిగా బయటికి ఉబ్బుతుంది. దాంతో మధ్య భాగంలో బయటి ముఖం సాగుతూ ఉంటుంది. కాబట్టి గోరు తగులుకునేంత లోతైన గీత అద్దం మధ్యలో బయటి వైపు పొడుగ్గా ఉంటే, అందం సంగతి తర్వాత, ముందు ఆ అద్దాన్ని మార్పించండి. మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో దాదాపు 160 లీటర్లు పడతాయి. అంటే 160 కిలోలు. అర్ధరాత్రి హాల్లో అవి ఒలికిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కావాల్సిన సామాను

టూత్‌పేస్టు, బేకింగ్ సోడా పక్కన పెట్టండి. టూత్‌పేస్టులో ఉండే సుద్ద గాజు కన్నా చాలా మెత్తన. గంటసేపు రుద్దితే అద్దం మిలమిలలాడుతుంది, గీత ఉన్నచోటే ఉంటుంది. కారు పెయింటుకు వాడే రబ్బింగ్ కాంపౌండ్ కూడా వద్దు. అందులో నూనెలు, మైనం ఉంటాయి, చేపలుండే చోట అవి పనికిరావు.

పనిచేసేది సీరియం ఆక్సైడ్. కళ్లద్దాలు, లెన్సులు మెరుగుపెట్టేవాళ్లు వాడేదే. లేత గులాబీ రంగులోనో, ఇటుక రంగులోనో, తెల్లగానో మెత్తటి పొడిలా వస్తుంది. కారు అద్దాల పాలిష్ కిట్ అని ఆన్‌లైన్లో దొరికేవాటిలో చాలామటుకు ఇదే ఉంటుంది, కొనేముందు వివరాల్లో ఆ పేరుందో లేదో చూసుకోండి. ఈ పొడి గాజును వట్టిగా గీకదు. నీటితో కలిసినప్పుడు గాజు పై పొరతో రసాయనికంగా అతుక్కుని దాన్ని కొంచెం కొంచెంగా లాగేస్తుంది. అందుకే పొడిపొడిగా రుద్దితే పని జరగదు, తడి ఉండాల్సిందే. తమాషా ఏమిటంటే సీరియం దొరికే ముఖ్యమైన ఖనిజాల్లో మోనజైట్ ఒకటి. మన భీమిలి, కళింగపట్నం తీరాల ఇసుకలో అది ఉంది. ఇసుకతో పడిన గీతను ఇసుకలో పుట్టిన పొడితోనే పోగొడతామన్నమాట.

దీంతోపాటు స్పీడు తగ్గించుకోగలిగే డ్రిల్ మిషన్, దానికి బిగించే రెండు మూడు అంగుళాల ఫెల్ట్ (ఒత్తుగా అణిచిన ఉన్నిగుడ్డ) ప్యాడ్, నీళ్లు పోసిన స్ప్రే బాటిల్, మాస్కింగ్ టేపు, మార్కర్, మెత్తటి నూలు గుడ్డలు నాలుగైదు, పాత దుప్పటి. డ్రిల్ బ్యాటరీతో నడిచేదైతే మేలు. కరెంటుదైతే చేతులు తడిగా ఉంటాయని మర్చిపోవద్దు. వైరు నేలమీద తడిలో పడకుండా చూసుకోండి, ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పనిచేస్తోందో లేదో దాని టెస్ట్ బటన్ నొక్కి ముందే చూడండి. పొడి కలిపేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

చేపల్ని దించడం

గీత బయటిదైతే నీళ్లు ఉంచే పాలిష్ పట్టొచ్చని కొందరంటారు. నేనైతే ఒప్పుకోను. డ్రిల్ మోత, అదురు చేపలకు భరించలేని టెన్షన్. పైగా బరువు మోస్తున్న అద్దాన్ని రాపిడి పెట్టడం తెలివైన పని కాదు.

పెద్ద ప్లాస్టిక్ టబ్బులోకి ట్యాంకు నీళ్లే సైఫన్ పైపుతో దించి, చేపల్ని అందులో వదిలి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి, పైన వల గానీ చిల్లుల మూత గానీ కప్పండి. ఫిల్టర్‌లోని స్పాంజీని, రింగులను పంపు నీళ్ల కింద కడగొద్దు. అవి కూడా పాత నీళ్లలోనే మునిగి ఉండాలి, ఎయిర్ స్టోన్ గాలి వాటికీ తగలాలి. చేపల మలం నుంచి వచ్చే అమ్మోనియాను తినే బాక్టీరియా బతికేది వాటి మీదే. అవి చస్తే అద్దం బాగుపడుతుంది, చేపలు పోతాయి. పాత నీళ్లు సగమైనా బకెట్లలో దాచుకోండి, తిరిగి నింపేటప్పుడు అక్కరకొస్తాయి.

ఇసుక, రాళ్లు పూర్తిగా తీసేసి ట్యాంకును కడగండి. అద్దం మీద ఒక్క రేణువు మిగిలినా అది ఫెల్ట్‌లో ఇరుక్కుని ఉన్న గీతకు ఇంకో పది గీతలు చేరుస్తుంది.

పాలిష్ పట్టడం

నేలమీద దుప్పటి నాలుగు మడతలు వేసి, గీత ఉన్న అద్దం పడుకునేలా ట్యాంకును తిప్పండి. గీత లోపలిదైతే ఆ అద్దం అడుగున ఉండాలి, బయటిదైతే పైన ఉండాలి. ఇద్దరు పట్టుకోండి, ఒక్కరే తిప్పొద్దు. పడుకోబెట్టిన అద్దం మీద ముద్ద జారిపోదు, చేతికీ అలుపు రాదు. నిలువుగా ఉన్న అద్దం మీద పట్టాలంటే సగం పొడి నేలపాలే.

గీతకు సరిగ్గా ఎదురుగా, అద్దం రెండో వైపున మార్కర్‌తో చుట్టూ గుర్తు పెట్టండి. పాలిష్ ముద్ద పడ్డాక గీత ఎక్కడుందో కనిపించదు కాబట్టి ఇది తప్పనిసరి. మూలల్లో సిలికాన్ అతుకుల మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించండి. ప్యాడ్ ఒక్కసారి సిలికాన్‌ను పట్టుకుందంటే అది లేచిపోతుంది, తర్వాత అక్కడే లీకేజీ. గీత అతుకుకు బాగా దగ్గరగా ఉంటే అక్కడ డ్రిల్ వద్దు, చెక్కముక్కకు ఫెల్ట్ అంటించి చేత్తో రుద్దుకోండి.

సీరియం పొడిలో నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చిక్కటి మజ్జిగలా కలపండి. ఫెల్ట్ ప్యాడ్‌ను ముందే నీళ్లలో నానబెట్టి పిండండి. ముద్ద కొంచెం అద్దం మీద వేసి, డ్రిల్ ఆన్ చెయ్యకుండానే ప్యాడ్‌తో చుట్టూ పులమండి. ఆ తర్వాత నెమ్మది స్పీడులో మొదలుపెట్టండి. పులమకుండా నేరుగా ఆన్ చేస్తే మొదటి సెకనులోనే గోడమీద, మొహం మీద గులాబీ చుక్కలు పడతాయి. మా హాలు గోడమీద ఇప్పటికీ ఉన్నాయి.

ప్యాడ్‌ను గీత మీదే నిలబెట్టొద్దు. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. గీత కనిపిస్తున్న రెండంగుళాల చోట అరగంట అదేపనిగా నొక్కి పట్టాను. గీత పోయింది. కానీ అక్కడ గాజు పళ్లెంలా గుంటపడింది. నీళ్లు నింపి లైటు వేస్తే, గోల్డ్ ఫిష్ ఆ చోటికి రాగానే ఒక్క క్షణం దాని తల సాగి వంకరపోయి, దాటగానే మళ్లీ మామూలైపోయేది. ఎగ్జిబిషన్లో నవ్వించే అద్దంలాగా. చూసేవాళ్లకు సరదా, నాకు తలనొప్పి. అదే గీతైతే నాలుగు రోజుల్లో అలవాటైపోయేదేమో!

కాబట్టి గీతకు అన్ని వైపులా కనీసం ఐదారు అంగుళాల మేర ప్యాడ్ తిరుగుతూనే ఉండాలి. గీత మీద కొంచెం ఎక్కువసేపు, అంచులకు పోయేకొద్దీ తక్కువసేపు. వాకిట్లో కళ్లాపి చల్లి కలయతిప్పినట్టు చెయ్యి గుండ్రంగా, అటూఇటూ కదలాలి. నొక్కుడు మితంగా ఉండాలి. డ్రిల్ స్పీడు బాగా తగ్గినట్టు అనిపిస్తే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టు.

ముద్ద ఆరిపోతుంటే స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టండి. ఇది రెండింటికి అవసరం. ఒకటి, తడి లేకపోతే పాలిష్ జరగదు. రెండు, రాపిడికి గాజు వేడెక్కుతుంది. ఒకచోట వేడి, పక్కన చల్లదనం ఉంటే అద్దం టప్పుమని పగలొచ్చు. రెండు మూడు నిమిషాలకోసారి ఆపి అరచెయ్యి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. అంతకు మించి కాలుతుంటే ఆగండి. చన్నీళ్లు మాత్రం గుమ్మరించొద్దు, దానంతటదే చల్లారనివ్వండి.

ప్రతి ఐదు నిమిషాలకూ తుడిచి, ఆరబెట్టి, గదిలో లైట్లు తీసేసి టార్చి ఏటవాలుగా వేసి చూడండి. తడి ఉంటే గీత పోయినట్టు మోసం చేస్తుంది, వేలి పరీక్షలో చూశారు కదా. మొదటి పావుగంటలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. గీత అంచులు ముందు మెత్తబడతాయి, మెరుపు తగ్గుతుంది, తర్వాత అక్కడక్కడా తెగుతుంది, చివరికి వెంట్రుకలా మిగులుతుంది. జానెడు సన్నగీతకు నాకు గంటకు పైనే పట్టింది. భుజాలు లాగేస్తే మర్నాటికి వాయిదా వెయ్యండి, తొందరలో నొక్కొద్దు.

గోరు తగులుకునే గీతకు

హార్డ్‌వేర్ షాపులో కార్ల పెయింటర్లు కొనే వాటర్ పేపర్ దొరుకుతుంది. దాని మీద ఉండేది సిలికాన్ కార్బైడ్, గాజు కన్నా గట్టిది. నీళ్లతో తడుపుతూ 600 నంబరుతో మొదలుపెట్టి 1000, 1500, 2000 వరుసగా, ఒక్కో నంబరూ అంతకుముందు నంబరు వదిలిన గీతలన్నీ పోయేదాకా రుద్ది, అప్పుడు సీరియం. మధ్యలో ఒక నంబరు దాటేశారంటే ఆ గరుకు గీతలు చివర్లో బయటపడతాయి, మళ్లీ మొదటికొస్తారు. వాటర్ పేపర్ పెట్టగానే అద్దం బాత్రూం కిటికీలా తెల్లగా మసకబారుతుంది. భయపడొద్దు, అది మామూలే. దాన్ని మళ్లీ తేటగా చెయ్యడానికి మాత్రం సీరియంతో గంటలు పడుతుంది, ఎంత జాగ్రత్తగా చేసినా కొద్దిగా వంకర మిగులుతుంది.

నన్నడిగితే ముందు అద్దం మీద లోతు గీతకు ఈ పని పెట్టుకోవద్దు. అక్వేరియాలు కట్టే షాపులో ఆ ఒక్క అద్దం కోయించి మార్పించుకోండి. బలానికి ఢోకా లేని చిన్న గీతైతే ట్యాంకును తిప్పి, గీత ఉన్న వైపును గోడకు చేర్చి నల్ల షీటు అంటించేయండి. టఫెన్డ్ గాజుకైతే (వేడిచేసి గట్టిపరిచిన గాజుకైతే) వాటర్ పేపర్ అస్సలు వద్దు. దాని బలమంతా పై పొరలోనే ఉంటుంది, అది తగ్గే కొద్దీ ప్రమాదం.

యాక్రిలిక్ ట్యాంకు కథ వేరు. దానికి సీరియం అక్కర్లేదు. ప్లాస్టిక్ కాబట్టి సులభంగా గీతలు పడుతుంది, అంతే సులభంగా పోతాయి కూడా. 1500 నుంచి 12000 దాకా వచ్చే సన్నటి పాలిషింగ్ క్లాత్ కిట్లతో వరుసగా చేత్తో రుద్దితే చాలు. బ్లేడు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

కడగడం, నింపడం

మాస్కింగ్ టేపు పీకేసి, ముద్ద ఆరకముందే నీళ్లతో కడిగెయ్యండి. ఆరితే సిలికాన్ అంచుల్లో పట్టుకుని ఊడిరాదు. మూలల్లో పాత టూత్‌బ్రష్‌తో తోమండి. సబ్బు, గిన్నెల లిక్విడ్, అద్దాలు తుడిచే స్ప్రే ఏదీ లోపల వాడొద్దు. వెనిగర్ కలిపిన నీళ్లతో ఒకసారి, మామూలు నీళ్లతో నాలుగైదుసార్లు. చివరిసారి కడిగిన నీళ్లను తెల్లటి బకెట్లోకి వంచి చూడండి. అడుగున గులాబీ మడ్డి కనిపిస్తే ఇంకోసారి కడగాలి. ఆ మడ్డి నీళ్లను సింకులో పొయ్యకండి. బకెట్లో రాత్రంతా ఉంచితే పొడి అడుగుకు పేరుతుంది. పైనీళ్లు పారబోసి, మడ్డిని పేపర్లో చుట్టి చెత్తలో వెయ్యండి.

తర్వాత ట్యాంకును దాని చోట పెట్టి వట్టి నీళ్లు సగం నింపి రెండు గంటలు, పూర్తిగా నింపి ఒక రోజు చూడండి. అతుకుల కింద టిష్యూ పేపర్ పెడితే చిన్న తడి కూడా తెలిసిపోతుంది. చేపలు ఈ ఒక్క రోజూ టబ్బులోనే ఉంటాయి, మేత వెయ్యకండి. లీకేజీ లేదని తేలాక ఆ నీళ్లు తీసేసి, కడిగిన ఇసుక పరిచి, దాచిన పాత నీళ్లు సగం, కొత్త నీళ్లు సగం పొయ్యండి. మున్సిపల్ నీళ్లైతే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి పొయ్యండి. ఫిల్టర్ బిగించి, నీళ్ల వేడి టబ్బులో ఉన్నంతే ఉందని చూసుకుని చేపల్ని వదలండి.

ఇక మాగ్నెట్ క్లీనర్. లోపలి ముక్కను బయటికి తీసి, దాని గుడ్డను గోటితో గీకి చూడండి. పాత రేణువు ఇంకా అందులోనే ఉండొచ్చు. నాకు దొరికింది, ఆవగింజలో సగం కూడా లేదు. అప్పట్నుంచి ఇసుకకు అంగుళం పైనే మాగ్నెట్ ఆపేస్తున్నాను. ఆ కింది భాగానికి ఏటీఎం కార్డే.